సీటు ఎవరు దించారు

తమ్ముడు పోయాక అతని బండిని ఇంట్లో పెట్టుకుందామనుకున్నాను. అది తలుపులో పట్టలేదు. మామూలు సైకిల్‌కి దాదాపు రెండింతల పొడవుంటుంది. ముందు చక్రానికీ హ్యాండిల్‌కీ మధ్య పెద్ద చెక్కపెట్టె, దాని కింద బ్యాటరీ, వెనక చక్రంలో మోటారు. మోటారు చెన్నై నుంచి ఓడలో వచ్చింది. చట్రాన్ని హాడోలో పడవలకు వెల్డింగ్ చేసే షాపులో కోసి, పొడిగించి అతికించారు. దీవి మీది ఈ ఊళ్ళో రోడ్లన్నీ ఎక్కుడూ దిగుడే కాబట్టి మోటారు లేకుండా బరువు లాగడం కష్టం. తమ్ముడు ఆ బండి మీద హాడో రేవు నుంచి అబర్డీన్ బజార్ దుకాణాలకు ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, పప్పు బస్తాలు చేరవేసేవాడు. మెయిన్‌లాండ్ ఓడ వచ్చిన రోజు భోజనానికి కూడా తీరిక ఉండేది కాదు. ఓడ లేని రోజుల్లో గ్యాస్ సిలిండర్లు, నీళ్ళ డ్రమ్ములు మోసేవాడు. సందులో అందరూ దాన్ని పెట్టెబండి అనేవారు.

వానాకాలం మొదట్లో ఒక ఉదయం ఛాతీలో నొప్పిగా ఉందన్నాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళాం. మధ్యాహ్నానికి మాట పోయింది, సాయంత్రానికి మనిషి పోయాడు. దీని గురించి ఇంతకంటే రాయను. చావు గురించి రాసిన పుస్తకాలు నా అలమారలో చాలా ఉన్నాయి. అప్పటి నుంచి వాటిని తెరవలేకపోతున్నాను. వాటిలో చావుని దేనితోనో పోల్చడమే ఎక్కువ.

ఇంట్లో ఇద్దరం మిగిలాం, నేనూ మరదలూ. నేను తెలుగు మీడియం బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. మా తాత సోంపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు, నేనూ తమ్ముడూ ఇక్కడే పుట్టాం. మరదలు మాత్రం ఆ వైపు నుంచే పెళ్ళయి ఓడెక్కి వచ్చింది. వాళ్ళకు పిల్లలు లేరు. తమ్ముడు పోయిన దగ్గర్నుంచి ఆమె అన్న ఫోన్ చేసి వచ్చెయ్యమంటున్నాడు. ఫోన్ మోగితే ఆమె పెరట్లోకి వెళ్ళి మాట్లాడేది. ఏం మాట్లాడేదో నాకు వినిపించేది కాదు. వెళ్ళేటట్టయితే ముందు బండి అమ్ముతుందని నా అనుమానం. అమ్మే హక్కు ఆమెకు ఉంది, నాకు లేదు. అది తెలిసే నాకు భయం వేసేది.

తమ్ముడు ఫోటోల్లో ఎప్పుడూ బిగుసుకుపోయి ఉంటాడు. ఆ ఫోటోలు చూస్తే అతను గుర్తుకు రాడు. బండి చూస్తే గుర్తుకొస్తాడు. పొడుగు మనిషి కాబట్టి సీటు కడ్డీని పూర్తిగా పైకి లాగి పెట్టుకున్నాడు. కుడి పిడి మీద రబ్బరు అతని బొటనవేలు ఆనేచోట అరిగి ఉంది. బండి అలా ఉన్నంతకాలం అతను దాని మీద ఎలా కూర్చునేవాడో నాకు తెలుస్తూనే ఉంటుంది. నాకు కావలసింది అంతే. అది అలాగే ఉండాలి, ఎవరూ ఎత్తుకుపోకూడదు.

తమ్ముడు దానికి ఎప్పుడూ తాళం వేయలేదు. రేవు దగ్గర వదిలి వెళ్ళినా, సందులో నిలిపినా తన ఎర్రగళ్ళ తువ్వాలు హ్యాండిల్ మీద వేసి వెళ్ళిపోయేవాడు. చెమట ఆరడానికి వేస్తున్నాడనుకునేదాన్ని. అతను పోయాక ఆ తువ్వాలు తీసి, ఉతక్కుండా మడిచి, నా ట్రంకుపెట్టెలో పెట్టుకున్నాను. తర్వాత అబర్డీన్ బజార్‌కి వెళ్ళి పడవలకు కట్టే గొలుసు కొన్నాను. దుకాణదారు దాన్ని తూచడానికే రెండు చేతులూ వాడాల్సి వచ్చింది.

"దీదీ, ఏనుగుని పెంచుతున్నారా?" అన్నాడు.

మంచి తాళం కూడా ఒకటి ఇమ్మన్నాను. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా పైన రబ్బరు తొడుగున్నది ఇచ్చాడు.

బండిని చూరు కింద నిలబెట్టి, గొలుసును చట్రంలోంచీ రెండు చక్రాల్లోంచీ దూర్చి సిమెంటు స్తంభానికి బిగించాను. పైన టార్పాలిన్ కప్పాను. బ్యాటరీ విప్పి నా మంచం కింద పెట్టాను. కోసి అతికించిన చట్రం కాబట్టి దాని మీద కంపెనీ నంబరు లేదు. పోతే నాదని చూపించుకోవడానికి గుర్తు ఉండాలని పెట్టె అడుగున మేకుతో మూడు గీతలు గీశాను. గొలుసుకు ఒక స్టీలు గ్లాసు, అందులో ఒక చెంచా వేలాడదీశాను. ఎవరైనా కదిపితే చప్పుడవుతుంది. గాలికి కూడా అయ్యేది.

పక్కనే కిరాణా కొట్టు నడిపే ఆయన ఇదంతా చూస్తూ నిలబడ్డాడు. ఆయనా ఇక్కడ పుట్టినవాడే.

"చుట్టూ సముద్రం కదా టీచరమ్మా. ఎత్తుకెళ్ళి ఎక్కడ పెడతాడు? రేప్పొద్దున్న బజార్లో తొక్కితే అందరూ గుర్తుపట్టరా? ఫాల్తూ టెన్షన్ పెట్టుకుంటున్నారు."

"బ్యాటరీ సంచిలో పడుతుంది. పొద్దున్నే వేరే దీవికి బోటుంది. మోటారు విప్పితే అదీ పడుతుంది" అన్నాను.

"మీరు చాలా దూరం ఆలోచించేశారు. దొంగ కూడా అంత ఆలోచించడు" అన్నాడు.

గొలుసు వేసిన కొద్ది రోజులకే మనుషులు రావడం మొదలైంది. అంతకుముందు ఆ బండి వైపు ఎవరూ చూసేవారు కాదు. ఒకతను సందులో నడుస్తూ ఆగి, వంగి, వెనక టైరును బొటనవేలితో నొక్కి చూశాడు. నేను బయటికి వచ్చేసరికి నమస్తే పెట్టి వెళ్ళిపోయాడు. ఇంకొకతను టార్పాలిన్ అంచు ఎత్తి పెట్టెను జానలతో కొలిచాడు. మరొకతను ఫోన్‌తో ఫోటో తీశాడు.

"ఏం కావాలి?" అని అడిగాను.

"ఏం లేదు దీదీ. ఊరికే చూస్తున్నా." ఆ చెప్పడంలో జాలి ఉంది. దొంగతనానికి వచ్చినవాడు నా మీద జాలి పడటం ఏమిటో అర్థం కాలేదు. జాలి నటిస్తున్నాడనుకున్నాను.

"ఈ మధ్య రేవు మనుషులు మన సందులో ఎక్కువ తిరుగుతున్నారు. ఎందుకో మరి" అని కిరాణా ఆయన కూడా అన్నాడు. ఆ మాట అంటూ ఆయన మా చూరు వైపు చూశాడు. ఆ రోజు నుంచి ఆయన్ని కూడా నా లెక్కలో చేర్చాను. ఎవరు ఎప్పుడు ఇంట్లో ఉండరో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఒక ఉదయం బండిని తుడుస్తుంటే సీటు కిందికి దిగి ఉంది. కాస్తో కూస్తో కాదు, జానెడు దిగింది. గొలుసు గొలుసులాగే ఉంది. తాళం వేసే ఉంది. గ్లాసు, చెంచా వేలాడుతూనే ఉన్నాయి. సీటు కడ్డీ మీద ఇన్నేళ్ళుగా బిగించి ఉన్నచోట ఒక తుప్పు వలయం పడింది. దాన్ని చూసుకుని సీటును మళ్ళీ పాత ఎత్తుకు లేపి మర బిగించాను. ఆ ఎత్తు నాకు ఎంత ముఖ్యమో ఆ పని చేసినవాళ్ళకు తెలియదు కదా అనుకున్నాను. అంతలోనే, తెలిసే చేశారేమో అని కూడా అనిపించింది.

నాలుగైదు రోజుల తర్వాత సీటు మళ్ళీ దిగింది. ఈసారి బ్యాటరీ కూడా చూశాను. దాని మీద నాలుగు దీపాలుంటాయి. నేను నాలుగూ వెలిగేలా చార్జి చేసి పెట్టాను. ఇప్పుడు రెండే వెలుగుతున్నాయి.

మధ్యాహ్నాలు నేను లైబ్రరీకి వెళ్తాను. వెళ్ళేటప్పుడు తాళంచెవిని బియ్యం డబ్బాలో బియ్యం కిందికి దూర్చి వెళ్తాను. ఆ సంగతి నాకు తప్ప తెలిసేది రోజూ బియ్యం తీసే మనిషికే.

ఆ సాయంత్రం నుంచి మరదల్ని గమనించడం మొదలుపెట్టాను. ఆమె మోచేతికి పసుపు రాసుకుని ఉంది. ఏమైందంటే బాత్రూంలో జారానంది. మా బాత్రూంలో జారేంత చోటు లేదు. భోజనాల దగ్గర చేప ముక్కలో ముల్లు తీసుకుంటూ తల ఎత్తకుండా తింటోంది.

"బండి కోసం ఎవరైనా వచ్చారా?" అని అడిగాను.

"ఎవులొస్తారు వదినా?"

"ఎవరో ఒకరు. అడగడానికి."

"అడిగినోల్లు అడుగుతారు, ఎల్లిపోతారు. మీరు తినండి, సల్లారిపోతంది."

ఆమె జవాబు చెప్పిందో లేదో తేల్చుకోలేకపోయాను. మేమిద్దరం ఎప్పుడూ గొడవ పడిన వాళ్ళం కాదు. ఆ రోజుల్లో మరీ మర్యాదగా ఉండేవాళ్ళం. కంచాలు ఎవరు కడగాలన్న దగ్గర కూడా నేను కడుగుతానంటే నేను కడుగుతానని.

ఆ వారంలోనే అబర్డీన్ బజార్ ఉల్లిపాయల వ్యాపారి మా గేటు దగ్గరికి వచ్చాడు. తమ్ముడు ఎక్కువగా సరుకు దింపింది ఆయన కొట్లోనే. నన్ను చూడగానే చెప్పులు విప్పబోయినవాడు ఆగిపోయాడు.

"మరదలమ్మ లేదా?"

"బజారుకెళ్ళింది. ఏం పని?"

"ఏం లేదు టీచరమ్మా. ఒక మాట చెబుతానంది. బండి సంగతి."

"బండి సంగతి ఏమిటి?"

"ఆమెనే అడుగుతాన్లెండి" అని ఆయన వచ్చిన దారినే గబగబా వెళ్ళిపోయాడు.

నాకు ఇంక అనుమానం మిగల్లేదు. కొనేవాడు ఇతను. ఎవరో పొట్టి మనిషిని తెచ్చి తొక్కించి చూస్తున్నారు. ఓడ టికెట్ దొరకగానే బండి అతని కొట్టుకు, మరదలు సోంపేటకు. నన్ను అడగరు. అడిగితే వద్దని చెప్పే హక్కు నాకు లేదని మా ముగ్గురికీ తెలుసు.

మర్నాడు మరదలితో వండూర్ వెళ్తున్నానని చెప్పాను. నాతో పనిచేసి రిటైరైన టీచరు ఒకామె అక్కడ ఉంటుంది. సాయంత్రం దాకా రానన్నాను. తాళంచెవి బియ్యం డబ్బాలో ఎప్పటిచోటే పెట్టాను. బస్‌స్టాండులో వండూర్ బస్సెక్కాను కూడా. పక్క సీట్లో ఇద్దరు టూరిస్టులు పగడపు దిబ్బల గురించి మాట్లాడుకుంటున్నారు. ఊరు దాటకముందే దిగి, రోడ్డు దాటి, ఎదురుగా వచ్చే బస్సు కోసం నిలబడ్డాను.

ఇంటికి వచ్చేసరికి చూరు కింద బండి లేదు. గొలుసు చుట్టగా చుట్టి స్తంభం దగ్గర పెట్టి ఉంది. టార్పాలిన్ మడతపెట్టి ఉంది. గ్లాసూ చెంచా గట్టు మీద బోర్లించి ఉన్నాయి. భయం కలగడానికి ముందు నాకు ఒక రకమైన తృప్తి కలిగింది. ఇన్నాళ్ళూ నేను అనుకున్నది నిజమేనన్న తృప్తి. తర్వాతే భయం వేసింది.

కిరాణా ఆయన కొట్లోంచి తల బయట పెట్టాడు. నవ్వుతున్నాడు.

"పైకెళ్ళింది, గ్రౌండ్ వైపు. కాస్త చెప్పండి టీచరమ్మా, నిన్న నా పాల ట్రేలకి తగిలించేసింది. బ్రేక్ కంటే ముందు కేకలు వేస్తది."

"ఎవరు?"

"ఎవరంటారేంటి? మీ మరదలు."

గ్రౌండ్‌కి వెళ్ళే దారి నిటారుగా ఉంటుంది. నేను ఎక్కి వెళ్ళేసరికి ఆమె అటు చివర మలుపు తిప్పుతోంది. చుడీదార్ మీద తమ్ముడి చొక్కా వేసుకుంది, చేతులు మడిచింది. పెట్టెలో ఇసుక బస్తా ఉంది. బండి ఒక పక్కకు ఒరుగుతుంటే కాలు నేలకు తన్ని నిలబెట్టింది. మళ్ళీ తొక్కింది. నన్ను చూసి బ్రేకు వేసింది. బస్తా ముందుకు జరిగింది.

"వండూరు ఎల్లలేదేటి వదినా?"

ఎన్నో అడగాలనుకుంటూ ఎక్కివచ్చాను. నోటికి వచ్చింది ఒకటే. "సీటు ఎందుకు దించావు?"

"కాళ్ళు అందొద్దా? మీ తమ్ముడిలాగ తాడిసెట్టునా నాను?" అంది. ఇంకా రొప్పుతోంది. "నాను దించుతాను, మీరు లేపుతారు. మల్లీ దించుతాను, మల్లీ లేపుతారు. ఆ మర అరిగిపోతాది వదినా."

"ఎవరికి అమ్ముతున్నావు?"

"అమ్మడమేటి?"

"ఉల్లిపాయల ఆయన వచ్చాడు. ఇంకా ఎంతమందో వచ్చి చూసి వెళ్ళారు. టైర్లు నొక్కారు, పెట్టె కొలిచారు. నాకు కళ్ళు లేవా?"

ఆమె బండి దిగి స్టాండు వేసింది. నన్ను కొత్తగా చూసినట్టు చూసింది.

"అమ్మకానికి ఎట్టింది మీరు కదా!"

"నేనా?"

"తువ్వాలు తీసీసినారు కదా. గొలుసు కట్టీసినారు." నాకు అర్థం కాలేదని తెలిసి ఆగి, నెమ్మదిగా చెప్పింది. "రేవులో బండి మీద తువ్వాలుంటే మడిసి ఇక్కడే ఉన్నాడు, వస్తాడని లెక్క. దాన్ని ఎవుడూ ముట్టడు. ఎవులైనా పోయినారనుకోండి, ఇంటోల్లు ఆ తువ్వాలు తీసీసి, బండికి గొలుసేసి వీధిలో పెడతారు. ఇంక తోలేవోడు లేడు, ఇచ్చెత్తామని దానికి అర్థం. మీరు అలాగే సేసినారు. మరి రారేటి సూడ్డానికి?"

ఆ జాలి ఎందుకో అప్పుడు తెలిసింది. ఫోటో తీసినతను బేరానికి వచ్చాడు. నన్ను చూసి బేరమాడలేక వెళ్ళిపోయాడు.

"నీకెవరు చెప్పారు ఇది?"

"మీ తమ్ముడే. పెళ్ళైన కొత్తలో ఆ తువ్వాలు ఉతికి దండెం మీద ఏసినాను. ఓలమ్మో, నన్ను బతికుండగానే సంపీసినావే అని నవ్వినాడు. మీకు సెప్పలేదా?"

"చెప్పలేదు" అన్నాను. నాకు ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ తెలియదు. నేను అడిగి ఉండను. తువ్వాలు చూస్తే చెమట అనుకున్నదాన్ని.

ఆమె ఇసుక బస్తాను సర్దుతూ మిగతాది చెప్పింది. వచ్చినవాళ్ళలో ఒక్కొక్కరినీ సందు చివర పట్టుకుని అమ్మేది లేదని తనే చెబుతోందట. ఉల్లిపాయల వ్యాపారికి మాత్రం వచ్చే ఓడలోగా నేర్చుకుంటే సరుకు తానే తెస్తానని చెప్పిందట. ఆయన ముందు నవ్వి, తర్వాత చూద్దామన్నాడట.

"నాతో ఒక మాట చెబితే ఏం పోయింది?"

"మీరు పొద్దున్నే దాన్ని తుడుస్తన్నప్పుడు సూస్తాను కదా వదినా. అడగబుద్ధి కాలేదు."

"మరి మీ అన్న? వెళ్ళిపోతావనుకున్నాను."

"ఆడి ఇంటికి వంటకి రమ్మంటన్నాడు. ఎల్తే ఇంక ఆ పొయ్యి కాడే." బండి ఎక్కబోతూ ఆగింది. "వద్దంటే సెప్పండి. మానేస్తాను. బండి మీది కాదని కాదు."

వద్దు అనాలనే ఉంది. ఆ చొక్కా కూడా అడగకుండా తీసుకుంది. కుడి పిడి మీద అరిగిన చోటుకి కాస్త పైన ఆమె బొటనవేలు ఆనుతోంది, కొన్నాళ్ళకు అక్కడ వేరే అరుగుదల పడుతుంది. బండిని అమ్మినా అది ఆగదు, కొనేవాళ్ళు చేసేదీ అదే. ఆపడానికి ఉన్న ఒకే దారి చూరు కింద గొలుసుతో ఉంచడం. అప్పుడు ఆమె ఓడెక్కుతుంది.

"ఇసుక బస్తా మధ్యలో పెట్టకు, నీ వైపుకి జరుపు. వాడు బరువు వెనక్కి పెట్టేవాడు" అన్నాను.

"తెలుసు. ఇటే పెట్టినాను, మిమ్మల్ని సూసి బ్రేకేసినప్పుడు జరిగిపోనాది."

తువ్వాలు కావాలంటే ఇస్తానన్నాను. వద్దంది. అది మీ కాడే ఉండనీండి, నాదొకటి కొనుక్కుంటానంది.

ఆమె చెప్పింది నేను వెంటనే నమ్మానని రాస్తే అబద్ధమవుతుంది. మర్నాడు బజారుకు వెళ్ళి ఉల్లిపాయల వ్యాపారిని విడిగా అడిగాను. ఆయన చెప్పిందీ ఆమె చెప్పిందీ ఒకటే. "ఆ రోజు మీ మొహం చూసి భయమేసింది టీచరమ్మా. బండి దొంగిలించడానికి వచ్చానని నాకే డౌటొచ్చింది" అన్నాడు. అప్పటికీ ఆయన గల్లాపెట్టె పక్కన బేరం కాగితం లాంటిదేమైనా ఉందేమోనని చూశాను. ఉల్లిపొట్టు తప్ప ఏమీ లేదు.

ఓడ వచ్చిన రోజు నేనూ వెంట వెళ్తానన్నాను. ఆమె వద్దనలేదు. హాడోలో సరుకు దించి, లెక్క చూసి, బస్తాలు పెట్టెలోకి ఎక్కించేసరికి ఎండ ముదిరింది. రేవు మనుషులు కొందరు ఆమెను చూసి నవ్వారు, ఒకాయన మాత్రం వచ్చి తాడు ఎలా బిగించాలో చూపించాడు. ఆ తాడు చూపించినతన్నే నేను ఎక్కువ సేపు గమనించాను. అతను మా సందులో పెట్టె కొలిచినవాడు.

అబర్డీన్ బజార్‌లో ప్రతి కొట్టు ముందూ గొలుసు వేసి తీయడం కుదిరే పని కాదు. ఆమె బస్తా భుజాన వేసుకుని కొట్టు లోపలికి వెళ్తే బండి వీధిలో ఒంటరిగా ఉంటుంది. నేను హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాను. జనం రాసుకుంటూ పోతున్నారు. నేను మొహాలు చూడలేదు, చేతులు చూశాను. సంచులున్న చేతులు, ఫోన్లున్న చేతులు. ఒక చెయ్యి పెట్టె అంచు మీద ఆనింది.

"దీదీ, బండి మీదేనా? బేచ్‌నేవాలా, అమ్మకానికుందని విన్నాను."

"మా మరదలిది. లోపలుంది, ఆమెనే అడగండి."

"అరే, చలాతీ హై క్యా? ఆమే తోలుతుందా?" అని కొట్లోకి తొంగిచూసి, ఆమె రెండో బస్తా దింపడం చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు. అతను గుంపులో కలిసిపోయేదాకా చూశాను.

మరదలు బయటికి వచ్చి చెమట తుడుచుకుంది. "మీరు ఎండలో నిలబడొద్దు వదినా. కొట్టోడు కుర్చీ ఏస్తానన్నాడు, కూకోండి."

"ఇక్కడ్నుంచి కనబడుతుంది. అక్కడ్నుంచి కనబడదు."

"ఏటి కనబడదు?"

నేను హ్యాండిల్ వదిలి పక్కకు జరిగాను. ఆమె నవ్వుకుని బండి ఎక్కింది. తర్వాతి కొట్టు ఎత్తు మీద ఉంది. మోటారు చిన్నగా మోగింది. ఇంకా మూడు బస్తాల బరువుతో బండి మొదట కొంచెం తడబడి, తర్వాత నిలదొక్కుకుని పైకి సాగింది. నేను వెనక నడిచాను. బట్టల కొట్టు దగ్గర మలుపులో ముందు పెట్టె, తర్వాత ఆమె, తర్వాత వెనక చక్రం కనిపించకుండా పోయాయి. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని వేగంగా నడవడం మొదలుపెట్టాను.